రాయగడలో ఇల్లు, అమెరికాలో మీరు: ప్లాను గుర్తులు చదవడం

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు నుంచి అమెరికా వచ్చిన కొత్తవాళ్లు చాలామంది కాస్త కుదురుకోగానే ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు మొదలుపెడతారు. ప్లాను వాట్సాప్‌లో వస్తుంది. గదులు చూసి, బాగుందని పంపేస్తారు. అలా పంపేయకండి. మేస్త్రి తెలుగువాడైనా ఒడియా అతనైనా కాగితం మీది గుర్తులు ఒకటే. అవి మీకూ తెలిస్తే ఇక్కడినుంచే పని సరిచూసుకోవచ్చు.

ముందు కొలతలు. యూనిట్ లేకుండా 3000 అని ఉంటే అవి మిల్లీమీటర్లు, అంటే సుమారు 9 అడుగుల 10 అంగుళాలు. 230 అంటే తొమ్మిదంగుళాల గోడ, 115 అంటే నాలుగున్నర. గది కొలత సాధారణంగా ఇటుక నుంచి ఇటుకకు రాస్తారు; రెండు వైపులా ప్లాస్టరింగు అయ్యాక అంగుళం దాకా తగ్గుతుంది. బీరువా, మంచం ఆ లెక్కన చూసుకోండి. ఫోను తెర మీద స్కేలు పెట్టి కొలవొద్దు. 1:100 (కాగితం మీద ఒకటి అంటే నిజంలో వంద) అన్నది అసలు సైజు కాగితానికే చెల్లుతుంది, రాసిన అంకెనే నమ్మాలి.

డీ, డీ1 తలుపులు, డబ్ల్యూ కిటికీలు, వీ వెంటిలేటర్లు. సైజులు పక్కన పట్టికలో ఉంటాయి. తలుపు దగ్గరి పావు వృత్తం అది ఎటు తెరుచుకుంటుందో చెబుతుంది. స్విచ్‌బోర్డు గుర్తు ఆ వృత్తం వెనక పడిందంటే, రోజూ తలుపు మూసి లైటు వేసుకోవాల్సిందే.

తెగతెగ గీసిన గీత గోడ కాదు. పైన ఉన్నదాన్ని చూపిస్తుంది: అటక, సన్‌షేడ్, దూలం. హాలు మధ్యలో అలాంటి జంట గీతలు పోతుంటే అక్కడ బీము కిందికి దిగుతుందేమో అడగండి.

ఎక్కువ నష్టం చేసేవి లెవెల్ అంకెలు. +450 అంటే గచ్చు అంత ఎత్తున ఉంటుందని. కానీ సున్నా ఎక్కడ? రోడ్డు మీదా, స్థలం నేల మీదా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ఎంత కష్టపెట్టిందో చూసిన ప్రాంతం మనది. నీళ్లు ఇంట్లోకి రాకూడదంటే ఈ ప్రశ్న తప్పక అడగాలి. బాత్రూములో -300 ఉంటే అక్కడ స్లాబు ఒక అడుగు మేర పల్లానికి దిగాలి, పైపులు అందులోనే పోతాయి. మేస్త్రి చూడక సమంగా పోసేస్తే, తరువాత బాత్రూము గచ్చు మెట్టంత పైకి లేపడమో, కింది గది సీలింగుకు పైపులు వేలాడదీయడమో, రెండే దారులు.

ఒక త్రికోణంలో అంకె, చుట్టూ మబ్బులాంటి గీత ఉంటే ప్లాను మారిందని అర్థం. సైటులో ఉన్న కాగితం మీదా అదే అంకె ఉందా?

ఇక కడ్డీలు. 8 పక్కన గీత కొట్టిన సున్నా, ఆపైన 150 సీ/సీ అని ఉంటుంది: 8 మిల్లీమీటర్ల కడ్డీ, మధ్య నుంచి మధ్యకు 150 మిల్లీమీటర్ల దూరం. స్లాబు పోసేముందు కడ్డీల మీద అడ్డంగా టేపు పరిచి ఫొటో పంపమనండి. పది ఖాళీలకు 1500 రావాలి. 2000 వచ్చిందంటే నాలుగో వంతు కడ్డీలు లేనట్టే. అక్కడ ఉదయం ఎనిమిదికి పని మొదలైతే అమెరికా ఈస్ట్ కోస్ట్‌లో వేసవిలో ముందురోజు రాత్రి పదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. ఫొటో చూశాకే కాంక్రీటుకు సరేననండి.