టమాటాల లారీని వదలొద్దు

చి. మాధవికి,

నీ కథ చదివాను. ఒళ్ళు మండింది. పన్నెండు పేజీల్లో తొమ్మిది పేజీలు అమెరికా, మెక్సికో మంత్రులు మాదకద్రవ్యాల గొడవ మీద ఫోన్లో ఒకరికొకరు "ద్వైపాక్షిక సంబంధాలు" అంటూ ఉపన్యాసాలిచ్చుకున్నారు.

పదో పేజీలో మాత్రం, నోగాలెస్ సరిహద్దు క్యూలో ఆగిపోయిన లారీ, చెక్క సందుల్లోంచి కారుతున్న టమాటా రసం. అక్కడ ఆగిపోయాను. నీ కథ అదే తల్లీ. మిగతాది చించెయ్.

1985 ఫిబ్రవరిలో గ్వాడలహారాలో కామరేనా అనే అమెరికా మాదకద్రవ్య నిరోధక అధికారిని ఎత్తుకుపోయారు. మెక్సికో పోలీసులు కదలడం లేదని అమెరికా ఏం చేసింది? సరిహద్దులో బండి బండినీ ఆపి డిక్కీ తెరిపించింది. 1969లో గంజాయి పేరు చెప్పి నిక్సన్ చేసిందీ అదే, మూడు వారాలకే ఆపేశాడనుకో. ఒక సర్కారు అలిగిందని ఇంకో సర్కారుకు క్యూ పొడవును బట్టే తెలుస్తుంది.

కామరేనా శవమై దొరికాడు. 1990లో ఆ హత్య కేసులోనే ఒక మెక్సికో డాక్టర్ని అమెరికావాళ్ళు కిరాయి మనుషులతో పట్టించి టెక్సాస్ చేర్చారు. అలా తెచ్చినా విచారించొచ్చని 1992లో అమెరికా సుప్రీంకోర్టు అంది. మెక్సికో భగ్గుమంది. చివరికి ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. నీ మంత్రులు దీన్ని మూడు పేజీలు చర్చించారు. ఆయన స్త్రీల వైద్యుడు, ఎత్తుకుపోయింది క్లినిక్ నుంచే. బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్న గర్భిణి నీకు తట్టలేదా?

మా ఊరి చెక్‌పోస్టు మీద నేనో కథ రాశాను. సారా కోసం సోదా చేస్తుంటే పెళ్ళిబస్సులో లేచి ఏడ్చే పిల్లాడుండేవాడు. "పిల్లాడు అనవసరం, సమస్య విస్తృతి పెంచండి" అని సంపాదకుడు ఎర్ర సిరాతో కొట్టేశాడు. పెంచాను. అచ్చయింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ కథ ఊసెత్తినవాడు లేడు. ఆ జబ్బు సంపాదకులకు ఇప్పటికీ తగ్గలేదు.

తెలుగువాళ్ళకిది పడుతుందా అన్నావు. 2021లో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు మూడు వేల కిలోల హెరాయిన్ దొరికింది. అఫ్ఘానిస్తాన్ సరుకు, ఇరాన్ మీదుగా, టాల్క్ రాళ్ళ పేరుతో వచ్చింది. దిగుమతి కాయితాల మీద విజయవాడ చిరునామా!

మిగతా ప్రశ్నలకు ఇంకెప్పుడైనా. ముందు రైతుబజారుకెళ్ళి, టమాటాలు ఎన్ని గంటలకు కారడం మొదలుపెడతాయో అడిగి రా. నీ కథలో రెండు గంటలకే కారాయి. మా ఇంట్లో బుట్టలో పెట్టి చూశాను, మూడు రోజులు పట్టింది.