తొక్కలోనే ఉంది ఆ పరిమళం
(పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నిమ్మ కేకు, నారింజ కేకు గురించే. ఒకరికి వాసన రాలేదు, ఒకరికి చేదొచ్చింది, ఒకరికి నడుమ గుంట పడింది. పద్దెనిమిదేళ్లుగా మా ఇంట్లో వారానికి ఒకసారైనా ఓవెన్ వెలుగుతూనే ఉంది, అందులో ఎక్కువసార్లు నిమ్మ కేకే. కాబట్టి ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నారింజ కేకు రెండుసార్లు చేశాను. మొదటిసారి అరకప్పు రసం పోశాను, నారింజ వాసనే లేదు. రెండోసారి కప్పు నిండా పోశాను. వాసన రాకపోగా కేకు ముద్దగా, జిగటగా వచ్చింది. ఎసెన్స్ వేయకుండా నారింజ రుచి రావాలంటే ఏం చేయాలి?

జవాబు: రసం పెంచితే వాసన పెరుగుతుందని అనుకోవడం సహజం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఇది నారింజ అని మన ముక్కుకు చెప్పేది రసం కాదు, తొక్క. పండును వెలుతురులో పెట్టి చూడండి. తొక్క మీద సూదిమొన అంత చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. తొక్క వలిచేటప్పుడు కంట్లోకి చిమ్మి మండేది ఆ నూనే. ఒక తొక్క ముక్కను కొవ్వొత్తి మంట దగ్గర పెట్టి, రంగు వైపు మంటకేసి ఉండేలా వంచి నొక్కితే ఆ తుంపర చిటచిటలాడుతూ మెరుస్తుంది. అందులో ఎక్కువ భాగం లిమొనీన్ అనే పదార్థం. రసంలో ఉండేది ముఖ్యంగా నీళ్లు, కాస్త తీపి, కాస్త పులుపు. మీరు కప్పు రసం పోశారంటే దాదాపు కప్పు నీళ్లు పోసినట్టే. కేకు ముద్ద కాక ఏమవుతుంది?

ఈ సంగతి నాకు పుస్తకంలో చదవకముందే మా అత్తగారి వల్ల తెలిసింది. ఆవిడకి చూపు బాగా తగ్గిపోయింది. నేను వంటింట్లో నిమ్మకాయలు కోసి రసం పిండుతుంటే పక్క గదిలో ఉన్న ఆవిడకి ఏమీ తెలిసేది కాదు. అదే తొక్క తురమడం మొదలుపెట్టిన నిమిషంలో, "ఇవాళ నిమ్మ కేకా?" అని అడిగేవారు. నారింజ అయితే నారింజ అని చెప్పేవారు. ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. ఆ రోజుల నుంచి నేను కొలిచేది తొక్కనే, రసాన్ని కాదు.

ఇక పద్ధతి. పండ్లను వేడినీళ్లలో కడిగి, గరుకు బట్టతో రుద్ది, తడి లేకుండా తుడవండి. మెరుపు కోసం కొన్ని పండ్లకు పైన మైనం పూస్తారు, అది పోవాలి. ముందు తురమాలి, తర్వాతే కోయాలి. రసం పిండేసిన డొప్పను తురమడం ఎంత కష్టమో ఒకసారి చేసినవాళ్లకు తెలుసు. తురుముపీటలో అన్నిటికంటే సన్న రంధ్రాలున్న వైపు వాడండి. ఒక చోట ఒక్కసారే లాగాలి. కింద తెల్లగా కనపడగానే పండును పక్కకు తిప్పేయాలి.

ఆ తురుమును నేరుగా పిండిలో వేయకండి. కేకుకు కొలిచి పెట్టుకున్న పంచదారలో వేసి రెండు మూడు నిమిషాలు వేళ్లతో నలపండి. పంచదార పలుకుల గరుకుకి మిగిలిన తిత్తులు చిట్లి, వచ్చిన నూనె అంతా పంచదారకు పడుతుంది. మొదట పొడిపొడిగా ఉన్న పంచదార చూస్తుండగానే తడి ఇసుకలా మారి, లేత రంగు తిరుగుతుంది. కేకు చేయడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. పిల్లలు దగ్గరుంటే ఈ పని వాళ్లకే ఇవ్వండి. చేతులకు ఆ వాసన సాయంత్రం దాకా ఉంటుంది.

ఓవెన్ వేడికి ఆ నూనె ఎగిరిపోదా అని మీకు అనుమానం రావచ్చు. కొంత పోతుంది. కానీ ఓవెన్ 175 డిగ్రీల్లో ఉన్నా, తడి ఉన్నంతసేపు కేకు లోపలి భాగం 100 డిగ్రీలు దాటదు. కాబట్టి లోపలి వాసన చాలావరకు మిగులుతుంది.

నారింజతో ఇంకో చిక్కుంది. నిమ్మరసంలో పులుపు, అంటే సిట్రిక్ ఆమ్లం, 5 నుంచి 6 శాతం ఉంటే, తీపి నారింజ రసంలో సుమారు 1 శాతమే. అందుకే తొక్క ఎంత వేసినా నారింజ కేకు ఒక్కోసారి ఉత్త తీపిగా అనిపిస్తుంది. మీరు పోసే రసంలో ఒక టేబుల్‌స్పూన్ నిమ్మరసం కలపండి. ఎవరూ నిమ్మ అని పసిగట్టరు. నారింజే ఇంకాస్త నారింజలా ఉంటుంది. ఒక కేకుకు రెండు నారింజల తొక్క, మొత్తం కలిపి నాలుగైదు టేబుల్‌స్పూన్ల రసం చాలు.

ప్రశ్న: నారింజను తొక్కతో సహా ముక్కలు చేసి మిక్సీలో తిప్పి కేకులో వేశాను. పిండి రుచి చూసినప్పుడు బాగానే ఉంది. మర్నాటికి నోట్లో పెట్టుకోలేనంత చేదు. పండు చెడిపోయిందా?

జవాబు: పండుది తప్పు కాదు. మీరు రాసిన "మర్నాటికి" అన్న మాటే అసలు ఆధారం. నిమ్మజాతి పండ్ల గింజల్లో, తొక్క కింది తెల్లటి భాగంలో చేదు దాగి ఉంటుంది. ఇందులో లిమొనిన్ అనేదాని కథ చిత్రమైనది (వాసననిచ్చే లిమొనీన్ వేరు, ఇది వేరు). పండు ముక్కలు కాకుండా ఉన్నంతవరకు దాని కండలో ఇది చేదు లేని రూపంలో ఉంటుంది. నలిగి, పులుపుతో కలిసిన తర్వాత గంటలు గడిచేకొద్దీ చేదుగా మారుతుంది. కొన్ని రకాల నారింజ రసం అప్పటికప్పుడు తాగితే తియ్యగా ఉండి, ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీస్తే చేదెక్కేది ఇందుకే. గింజల్లోనైతే నేరుగానే చేదు ఉంటుంది. మిక్సీ బ్లేడు వాటిని పిండి చేసేస్తుంది.

పండు మొత్తాన్ని వాడే కేకు లేకపోలేదు, చాలా బాగుంటుంది కూడా. కానీ దానికి నారింజను కోయకుండా నీళ్లలో వేసి గంటన్నర దాకా, వేలితో నొక్కితే దిగిపోయేంత మెత్తగా ఉడికించాలి. చేదు కొంత ఆ నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు పారబోయాలి. చల్లారాక విప్పి, గింజలు ఒక్కటి కూడా మిగలకుండా తీసి, అప్పుడు మిక్సీలో వేయాలి. అంత ఓపిక లేని రోజు తొక్క తురుమే మేలు.

ప్రశ్న: నిమ్మ కేకు ఓవెన్‌లో చక్కగా పొంగింది. చూసి సంతోషపడేలోపే నడుమ కుంగిపోయింది. రుచిలో ఏదో సబ్బు వాసన. బేకింగ్ పౌడర్ అయిపోతే అంతే కొలతలో వంటసోడా వేశాను. పావుగంటకు ఒకసారి తలుపు తీసి చూశాను. ఎక్కడ పొరపాటు?

జవాబు: రెండు చోట్లా. వంటసోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కాదు. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు దానికి సరిపడే పొడి ఆమ్లం, తడి తగలకుండా కాపాడే పిండి పదార్థం కలిపి ఉంటాయి. 1843లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన ఈస్ట్ పడని తన భార్య కోసం ఇలాంటి పొడిని తయారుచేశాడు. (ఇంట్లో ఒక మనిషి తినగలగాలన్న తపనతో పుట్టిన పొడి అది. డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.) సోడా ఒక్కటే తీసుకుంటే బేకింగ్ పౌడర్ కంటే మూడు నాలుగు రెట్లు ఘాటు. కప్పు మైదాకు పావు టీస్పూన్ చాలు, అదీ పిండిలో పెరుగో నిమ్మరసమో ఉంటేనే. పులుపుతో కలవగా మిగిలిపోయిన సోడాయే మీకు తగిలిన సబ్బు రుచి. గ్యాస్ మరీ ఎక్కువ పుడితే కేకు గోడలు గట్టిపడేలోపే బుడగలు పగిలి నడుమ కూలుతుంది. అదే సమయంలో తలుపు తీస్తే వేడి పడిపోయి ఆ కూలడం ఖాయం. కేకు సమయంలో మూడు వంతులు గడిచేదాకా తలుపు ముట్టుకోకండి. లోపల లైటు ఉంటే గాజులోంచి చూడండి.

పాత బేకింగ్ పౌడర్ మీద అనుమానం ఉంటే, అర టీస్పూన్ పొడి మీద వేడినీళ్లు పోయండి. బుసబుసమని పొంగితే పనికొస్తుంది. నీరసంగా రెండు బుడగలు వస్తే పారేయండి.

ప్రశ్న: నిమ్మరసం పోయగానే పిండిలోని పాలు విరిగిపోయాయి. పిండి పారేయాలా?

జవాబు: వద్దు. పులుపు తగిలితే పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ ముద్దకడుతుంది, అంతే. మైదా కలిపితే సర్దుకుంటుంది, కేకుకు నష్టం లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు వెన్నలో కలిపినా పిండి ఇలాగే విరిగినట్టు అవుతుంది. గుడ్లు, పెరుగు గంట ముందే బయట పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ప్రశ్న: అత్తా, నాకు పదమూడేళ్లు. అమ్మ పుట్టినరోజుకి నిమ్మ కేకు నేనే చేయాలి. మా ఇంట్లో ఓవెన్ ఉంది కానీ బీటర్ లేదు. వెన్న, పంచదార తెల్లగా నురగ వచ్చేదాకా కొట్టాలంటున్నారు, నా చేతులు నొప్పెడుతున్నాయి. ఇంకో దారి ఉందా?

జవాబు: ఉంది బంగారం. వెన్న వద్దు, నూనె, పెరుగుతో చేద్దాం. వెన్నను కొట్టేది అందులో గాలి నింపడానికి. నూనె కేకులో ఆ పని బేకింగ్ పౌడర్ చూసుకుంటుంది. పైగా నూనె చల్లబడినా గట్టిపడదు కాబట్టి కేకు మూడోరోజుకి కూడా మెత్తగా ఉంటుంది. ఒక గిన్నె, ఒక ఫోర్కు చాలు. ఓవెన్ వెలిగించేటప్పుడు, టిన్ను బయటికి తీసేటప్పుడు మాత్రం నాన్ననో, ఇంకో పెద్దవాళ్లనో పక్కన ఉంచుకో.

మైదా 180 గ్రాములు తూచుకో. కప్పుతో కొలిస్తే నొక్కి నింపినప్పుడు ఒకలా, వదులుగా నింపినప్పుడు ఒకలా వస్తుంది. ఒకే కప్పులో మైదా 120 గ్రాములూ పట్టొచ్చు, 150 గ్రాములూ పట్టొచ్చు, కేకు గట్టిగా రావడానికి చాలాసార్లు కారణం అదే. మైదాలో రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ ఉప్పు కలిపి జల్లించు. ఓవెన్‌ను 175 డిగ్రీల్లో ముందే వేడెక్కనీ. రొట్టె టిన్నుకు నూనె రాసి, బటర్ పేపర్ పరుచు.

గిన్నెలో 200 గ్రాముల పంచదార, రెండు పెద్ద నిమ్మకాయల తొక్క తురుము (చిన్నవైతే నాలుగు) వేసి, పైన చెప్పానే, తడి ఇసుకలా అయ్యేదాకా నలుపు. మూడు గుడ్లు కొట్టి వేసి ఒక నిమిషం గిలక్కొట్టు. అరకప్పు పెరుగు, రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం, అరకప్పు వాసన లేని నూనె పోసి కలుపు. చివరగా మైదా. ఇక్కడే జాగ్రత్త. తెల్ల పిండి కనపడకుండా పోయిన క్షణంలో ఆపేయాలి. చిన్న చిన్న ఉండలు మిగిలినా పర్వాలేదు. ఇంకా తిప్పితే మైదాలో గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ బలపడి కేకు రబ్బరులా సాగుతుంది. వెంటనే టిన్నులో పోసి ఓవెన్‌లో పెట్టు, పిండిని కూర్చోబెట్టకు.

యాభై నుంచి యాభై అయిదు నిమిషాలు పడుతుంది. ఓవెన్ డయల్ చెప్పేది ఒకటి, లోపలి వేడి ఇంకొకటి కావచ్చు, అందుకని నలభై అయిదో నిమిషంలో నడుమ టూత్‌పిక్ గుచ్చి చూడు. తడి పిండి అంటితే ఇంకో అయిదు నిమిషాలు ఉంచు. ఒకటి రెండు పొడి రవ్వలు అంటితే తీసేయొచ్చు. పైన నిలువుగా పగిలిందని బాధపడకు. పొడుగు టిన్నులో పై పొర ముందు గట్టిపడి, లోపల ఇంకా పొంగుతుంటుంది, పగలకుండా ఎలా ఉంటుంది?

అది ఉడుకుతుండగానే పావుకప్పు నిమ్మరసంలో మూడు టేబుల్‌స్పూన్ల పంచదార వేసి, పంచదార కరిగేదాకా మాత్రం వెచ్చబెట్టు, మరగనివ్వకు. కేకు బయటికి వచ్చాక వేడి మీదే టూత్‌పిక్‌తో అంతటా గుచ్చి, ఆ రసాన్ని చెంచాతో కొంచెం కొంచెంగా పోయాలి. వేడి కేకు పీల్చుకుంటుంది, చల్లారిన కేకు మీద పోస్తే పైనే చెమ్మగా నిలిచిపోతుంది. టిన్నులోనే పూర్తిగా చల్లారనిచ్చి అప్పుడు తియ్యి. రాత్రే చేసి పెట్టుకుంటే పొద్దుటికి ఆ పులుపు లోపలి దాకా సర్దుకుని ఇంకా బాగుంటుంది.

ఇంకొక్క మాట. అమ్మకు ముందే తెలియకూడదనుకుంటే, తను ఇంట్లో లేని సమయం చూసుకుని తొక్క తురుము. తలుపు వేసుకున్నా ఆ వాసన ఆగదు.