సముద్రం కోసేస్తున్న పాత కట్టడాన్ని ఫోన్‌తో ఎలా రికార్డు చేయాలి?

మీ ఊరి తీరంలో ఇసుక కోతకి పాత గోడ బయటపడిందని, ఆర్కియాలజీ చదవనివాళ్లు ఏం చేయగలరని అడిగారు. చాలా చేయగలరండీ. తవ్వక్కర్లేదు, ఫోన్ చాలు.

నేను విశాఖ బీచ్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి పిల్‌బాక్స్ ఒకదాన్ని ఐదేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి; ఆ యుద్ధకాలంలో తీరం కాపలాకి కట్టిన కాంక్రీటు గది అది. ఇక్కడ అందరూ బంకర్ అంటారు. కొన్ని నెలలు తుపాకీ పెట్టే కంత దాకా ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది. తుపాను వెళ్లిన మర్నాడు చూస్తే పునాది అంచు, దాని కింద అలలు తొలిచిన బొరియ, తుప్పుపట్టిన ఊచలు బయటపడతాయి. అందుకే ఒక్కసారి తీసి ఊరుకుంటే లాభం లేదు. ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకి, నెలనెలా తీయండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పాటుకి నీళ్లు బాగా వెనక్కి పోతాయి, అప్పుడు వెళ్లండి. కట్టడం పక్కన కొలత కోసం స్కేలు పెట్టండి. నేను మొదట్లో చెప్పు పెట్టేదాన్ని. తర్వాత ఆ ఫొటోల్లోంచి ఒక్క కొలతా తీయలేకపోయాను. చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో కనిపించినదాంట్లో సగానికి పైగా తర్వాతి దాంట్లోనూ వచ్చేలా తీస్తే, వాటితో త్రీడీ నమూనా కూడా చేసుకోవచ్చు.

జాలర్లతో తప్పకుండా మాట్లాడండి. వలలు బాగుచేసుకుంటున్న ఒక తాత నాతో, "మా సిన్నప్పుడు దీనికీ నీళ్లకీ మద్దెన మూడు పడవలు అడ్డంగా పట్టేవమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటతో సముద్రం ఎంత ముందుకొచ్చిందో లెక్క దొరికింది. ఓడ దెబ్బతిని ఒడ్డుకు చేరిన వర్తకులకి 1244లో గణపతిదేవుడు అభయమిచ్చాడని మనకు తెలిసిందంటే, మోటుపల్లిలో అది రాతి మీద చెక్కి ఉండబట్టే. తాత మాట ఏ రాతి మీదా లేదు. ఆయన్ని అడిగి, సరేనంటేనే రికార్డు చేయండి.

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసిన తేదీ, చోటు వివరాలు పోతాయి. ఫోన్ పాడైనప్పుడు నా మొదటి ఏడాది ఫొటోలు అలా పంపినవే మిగిలాయి, ఏది ఏ నెలదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలు దాచుకోండి. అందరికీ అందాలంటే వికీమీడియా కామన్స్‌లో తేదీ, చోటుతో సహా పెట్టండి.

నాణేలో, బొమ్మలో కనిపిస్తే మాత్రం చోటు బయటపెట్టకండి, రాత్రికి రాత్రే తవ్వేస్తారు. ఉన్నచోటే ఫొటో తీసి పురావస్తు శాఖకి చెప్పండి. దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి తెలపాలని 1878 నాటి నిధుల చట్టమే చెబుతోంది. కుండపెంకులు కూడా ఇంటికి తెచ్చుకోకండి.

వర్షాలు మొదలవకముందే ఆ గోడ పొడవు, ఎత్తు, ఇటుక కొలతలు రాసిపెట్టుకోండి.