కేబుల్ కారుకు రోజు పాస్ కొనాలా, విడి టికెట్ చాలా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఫ్రీమాంట్‌లో ఉంటాడు. నేనూ మావారూ త్వరలో అక్కడికి వెళ్తున్నాం. ఇద్దరికీ అరవై అయిదేళ్లు దాటాయి. ఆరేళ్ల మనుమణ్ని వెంటబెట్టుకొని ఒక రోజు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, వీధి కింద తిరిగే తాడు పట్టుకొని కొండెక్కే ఆ పాతకాలపు కారు ఎక్కాలని ఉంది. రోజంతా తిరిగే పాస్ తీసుకొమ్మని తెలిసినవాళ్లలో కొందరు, దండగని మరికొందరు చెబుతున్నారు. పెద్దవాళ్లకు రాయితీ ఉంటుందా? ఇక్కడ ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తుండడంతో నాకు ఈ ఛార్జీల లెక్కలు మరుపున పడ్డాయి.
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: కేబుల్ కారు ఒక్కసారి ఎక్కి తృప్తిపడేటట్లయితే మీ ముగ్గురికీ పాస్ అక్కర్లేదు. రెండోసారి ఎక్కాలనుకుంటే మాత్రం పాసే నయం. ఈ తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే ముందుగా అక్కడ మూడు రకాల బండ్లు వేర్వేరుగా నడుస్తాయని గమనించాలి. కొండ వీధుల్లో తాడు ఆధారంగా నడిచేవి కేబుల్ కార్లు. మార్కెట్ స్ట్రీట్ మీదుగా సముద్రపు ఒడ్డు దాకా కరెంటుతో నడిచే పాత ట్రాములు ఎఫ్ లైన్ బండ్లు. మీరు ఫ్రీమాంట్ నుంచి ఎక్కి వెళ్లేది బార్ట్ రైలు. మొదటి రెండూ, నగర బస్సులూ మ్యూనీ అనే సంస్థవి. బార్ట్ వేరే సంస్థ. విజిటర్ పాస్‌పోర్ట్ పేరుతో అమ్మే ఒక రోజు, మూడు రోజుల, ఏడు రోజుల పాసులు మ్యూనీ బండ్లన్నింటిలో, కేబుల్ కార్లతో సహా, చెల్లుతాయి గాని బార్ట్‌లో చెల్లవు. పాస్ ఉంది కదా అని రైలు స్టేషన్‌లో గేటు దగ్గరికి వెళ్తే అది తెరుచుకోదు.

కేబుల్ కారు టికెట్ 2024లో మనిషికి 8 డాలర్లు. ఎంత దూరం వెళ్లినా అంతే, మధ్యలో దిగితే అంతటితో ఆ టికెట్ పని అయిపోయినట్టే. అరవై అయిదు దాటినవారికి రాయితీ ఉంది గాని అది ఉదయం 7 గంటల లోపు, రాత్రి 9 దాటాక మాత్రమే. 2024లో ఆ వేళల్లో టికెట్ 4 డాలర్లు. మనుమణ్ని తీసుకొని విహారానికి వెళ్లేవారికి ఆ వేళలు కుదరవు కనుక ఆ రాయితీని లెక్కలోకి తీసుకోకండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు మ్యూనీ బస్సులూ ట్రాములూ ఉచితమే అయినా కేబుల్ కారుకు ఆ సౌకర్యం లేదు, ఆరేళ్లవాడికీ పూర్తి ఛార్జీయే. అంటే ముగ్గురూ ఒకసారి కొండెక్కితే 24 డాలర్లు, మన డబ్బుల్లో రెండు వేల రూపాయల పైమాటే. ఈ ధరలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి బయలుదేరేముందు మీ అబ్బాయిని మ్యూనీ వెబ్‌సైట్ ఒకసారి చూడమనండి.

మేము సూచించే మార్గం ఇది. బార్ట్‌లో పావెల్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి పైకి వస్తే, సిబ్బంది కేబుల్ కారును గుండ్రటి చెక్క వేదిక మీదికి ఎక్కించి చేతులతో తోసి వెనక్కి తిప్పే చోటు ఎదురుగానే కనిపిస్తుంది. అక్కడ విడి టికెట్ మీద కారెక్కి, కొండ దాటి రేవు వైపు దిగండి. తిరుగు ప్రయాణానికి మళ్లీ కేబుల్ కారు వద్దు. ఆ రేవు ప్రాంతమైన ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గర ఎఫ్ లైన్ ట్రాము ఎక్కితే ఒడ్డు వెంబడి, ఆపైన మార్కెట్ స్ట్రీట్ మీదుగా మీరు మొదలుపెట్టిన చోటికే తెచ్చి దింపుతుంది. ఇటలీలోని మిలాన్ నగరంలో 1928 కాలంలో తిరిగిన బండ్లు కూడా ఆ లైన్‌లో నడుస్తున్నాయి కాబట్టి పాత బండి ఎక్కిన ముచ్చట అక్కడా తీరుతుంది. ఆ ట్రాములో పెద్దలకు రాయితీ రోజంతా ఉంటుంది. 2024లో నగదు ఇస్తే మనిషికి ఒకటిన్నర డాలర్, మనుమడికి ఉచితం. వెరసి ఆ ధరల్లో, బార్ట్ ఛార్జీ కాక, రానూపోనూ 27 డాలర్లతో సరిపోతుంది. వయసు రుజువుకు మీ పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి.

పాసే కావాలనుకుంటే ఫోన్‌లో మ్యూనీ మొబైల్ యాప్ ద్వారా కొనండి. 2024లో అందులో ఒక రోజు పాస్ రెండు కేబుల్ కారు టికెట్ల కన్నా తక్కువకే దొరికేది. కాగితం పాస్ ధర అప్పట్లో అంతకన్నా బాగా ఎక్కువ. కాగితం పాస్ మీద నెల, తేదీ గళ్లను పాత రీచార్జి కూపన్ లాగా గోటితో గీకాలి. పొరపాటున వేరే తేదీ గీకితే పాస్ పాడైనట్టే, కనుక ఆ పని మనుమడికి అప్పగించకండి. ఇంకో మాట: హైదరాబాద్ సిటీ బస్సుల్లో ఇచ్చే టీ-24 టికెట్ కొన్నప్పటి నుంచి ఇరవై నాలుగు గంటలు చెల్లుతుంది. అక్కడి పాస్‌కు మాత్రం తేదీయే లెక్క. సాయంత్రం నాలుగింటికి తీసుకుంటే మరునాడు మధ్యాహ్నం దాకా పనికొస్తుందని అనుకోవద్దు.

మీకు నిజంగా పెద్ద మొత్తం మిగిలేది కేబుల్ కారులో కాదు, బార్ట్‌లో. క్లిప్పర్ అంటే అక్కడ బార్ట్‌లోనూ మ్యూనీలోనూ ఛార్జీ కట్టడానికి వాడే కార్డు. అందులో అరవై అయిదు దాటినవారికి ఇచ్చే సీనియర్ క్లిప్పర్ కార్డు తీసుకుంటే ఆ రైలు ఛార్జీ సగానికి పైగా తగ్గుతుంది. దానికి వయసు రుజువుతో దరఖాస్తు చేసుకోవాలి కాబట్టి అక్కడ దిగగానే మొదట ఆ పని చూసుకోండి.

ప్రశ్న: ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. కేబుల్ కారులో ఇద్దరు సిబ్బంది ఉంటారని విన్నాను. టికెట్ ముందే కొనాలా, ఎక్కాక కొడతారా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ఎట్లా అయినా తీసుకోవచ్చు. పావెల్ స్ట్రీట్ మొదట్లో కౌంటర్ ఉంది. ఎక్కాక కండక్టర్‌కు నగదు ఇచ్చినా టికెట్ ఇస్తాడు, క్లిప్పర్ కార్డయితే చేతి యంత్రానికి తాకిస్తాడు. సరిపడా చిల్లర మనమే తెచ్చుకుంటే మేలు. ఈ కష్టం మీకు చెప్పక్కర్లేదు. వరుసలో నిలబడ్డవారి దగ్గరికి వచ్చి పాసులు అమ్మజూపే బయటివారి దగ్గర మాత్రం కొనవద్దు.

కారులో ఇంజన్ లేదు. వీధి కింద గాడిలో ఉక్కు తాడు గంటకు దాదాపు 15 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా తిరుగుతుంటుంది. ముందుండే గ్రిప్‌మన్ పొడవాటి లివర్ లాగితే కింద పట్టుకారు ఆ తాడును బిగించి పట్టుకుంటుంది, వదిలి బ్రేకు వేస్తే కారు ఆగుతుంది. 1873 ఆగస్టులో ఆండ్రూ హాలిడీ క్లే స్ట్రీట్‌లో మొదటిసారి నడిపి చూపిన పద్ధతి ఇదే. కండక్టర్ టికెట్లు ఇవ్వడంతో పాటు వాలులో వెనక బ్రేకు కూడా వేయాలి. ఇక మీ సర్వీసంతా వద్దని అరిచి ఉంటారు గాని అక్కడ ఫుట్‌బోర్డు మీద కంబం పట్టుకొని నిలబడి వెళ్లడానికి అనుమతి ఉంది, టికెట్ ధరలో మాత్రం తేడా లేదు.

తాళ్లను తిప్పే యంత్రశాల మేసన్, వాషింగ్టన్ వీధుల కూడలిలో ఉంది. అందులోని మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు. అయితే విడి టికెట్ మీద వచ్చి అక్కడ దిగినవారు మళ్లీ కారెక్కడానికి కొత్త టికెట్ కొనాలి కాబట్టి, మ్యూజియం చూడాలనుకునేవారు ఆ రోజుకు పాస్ తీసుకోవడమే మేలు.