టామ్ అండ్ జెర్రీ మాటల్లేని కార్టూనేనా?

కాదు, టామ్ అరుదుగానైనా మాట్లాడుతుంది, పాడుతుంది కూడా. అయితే 1940లో విలియం హానా, జోసెఫ్ బార్బెరా మొదలుపెట్టిన ఈ చిట్టి చిత్రాలలో హాస్యాన్ని మోసేవి కదలికలూ, వాటితో అడుగు కలిపి నడిచే స్కాట్ బ్రాడ్లీ సంగీతమూ కాబట్టి, తెలుగూ ఒడియా కలిసి వినిపించే పర్లాకిమిడి వీధుల్లోని పిల్లలందరూ ఏ అనువాదమూ లేకుండానే ఒకేసారి నవ్వగలరు. 1946 నాటి ఒక చిత్రంలో టామ్ రాత్రివేళ పెరట్లో నిలువెత్తు తంత్రీవాద్యం మీటుతూ ప్రేమగీతం అందుకుంటే, ఆ అదురుకు ఇంట్లో నిద్రిస్తున్న జెర్రీ ఉలిక్కిపడి లేస్తుంది. విసిగిపోయి, లోపల ఇస్త్రీపెట్టె దాచిన పిండివంటను పిల్లి ముఖానికేసి కొడుతుంది. ఇవి బొత్తిగా నోరులేని పాత్రలన్న అపోహ బలపడడానికి కారణం, టామ్ నోట మాటకన్నా ఎక్కువగా వినిపించేది హానా స్వయంగా పెట్టిన కేక కావడమే.