శ్వాసనాళంలో స్టెంట్: కీమో అయ్యేదాకా ఆగొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్. ఛాతీలో గడ్డ శ్వాసనాళాన్ని బయటి నుంచి నొక్కుతోందని, స్టెంట్ వేయాలని డాక్టర్లు అంటున్నారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే ఈల శబ్దం. ముందు కీమో ఇప్పించి, తగ్గకపోతే చూద్దామని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఈల శబ్దం వినిపిస్తోందంటే ఆగే పరిస్థితి కాదు. పెద్దవాళ్లలో శ్వాసనాళం వెడల్పు సుమారు 15 నుంచి 20 మిల్లీమీటర్లు. అది 8 కన్నా తగ్గితే నడకలో ఆయాసం వస్తుంది. 5 కన్నా తగ్గితే కూర్చున్నా ఊపిరాడదు. కీమో, రేడియేషన్ గడ్డను తగ్గించడానికి సాధారణంగా వారాలు పడుతుంది. పైగా రేడియేషన్‌కు వెల్లకిలా పడుకోవాలి, ఆయాసపడే మనిషికి అదే కష్టం.

గడ్డ నాళం లోపల పెరిగితే లేజర్‌తో తీయొచ్చు. బయటి నుంచి నొక్కుతుంటే లేజర్‌తో తీయడానికి లోపల ఏమీ ఉండదు. ఒరిగిన గోడకు ఊతం పెట్టినట్టు స్టెంట్ నాళాన్ని తెరిచి ఉంచుతుంది. చాలామందికి అదే రోజు తేడా తెలుస్తుంది. క్యాన్సర్‌కు మాత్రం ఇది మందు కాదు, కీమో ఆ తర్వాత ఇవ్వాల్సిందే.

మీ బంధువుల మాట సరైన సందర్భాలూ ఉన్నాయి. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) గడ్డలు మందులకు త్వరగా కరుగుతాయి. ఇక థైరాయిడ్ గడ్డ నొక్కుతుంటే సంగతి వేరు, సాధారణంగా ఆపరేషనే మార్గం. అందుకే బయాప్సీ రిపోర్టులో ఏముందో డాక్టర్‌ను అడగండి.

సిలికాన్ స్టెంట్‌ను మత్తు ఇచ్చి, రిజిడ్ బ్రాంకోస్కోప్‌తో (నోటి ద్వారా శ్వాసనాళంలోకి పంపే గట్టి గొట్టంతో) వేస్తారు. గడ్డ తగ్గాక తీసేయడం సులువు. లోహపు స్టెంట్‌లు వేయడం తేలికే కానీ, చాలాకాలం ఉంటే తీయడం కష్టం కావచ్చు. తర్వాత తీసే ఉద్దేశం ఉందా అన్నది ముందే మాట్లాడుకోండి.

గుండె స్టెంట్‌లా దీనికి రక్తం పలచబడే మాత్రలు అక్కర్లేదు. అసలు బెడద కఫం. స్టెంట్ ఉన్నచోట అది పైకి కదలక పేరుకుపోతుంది. అందుకే సెలైన్ నెబ్యులైజేషన్ (ఉప్పునీటిని ఆవిరిలా మార్చి పీల్చడం) రోజూ చేయాలి. బాగానే ఉంది కదా అని చాలామంది మానేసేది ఇదే! నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ బ్రాంకోస్కోపీ (గొట్టంతో శ్వాసనాళం లోపల చూసే పరీక్ష) చేయించాలి. స్టెంట్ జరగొచ్చు, దాని అంచుల్లో కండ పెరగొచ్చు. దగ్గులో రక్తం పడినా, జ్వరం వచ్చినా, ఆయాసం ఉన్నట్టుండి పెరిగినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్టెంట్ వివరాల కార్డు నాన్నగారి దగ్గరే ఉంచండి. ఎప్పుడైనా గొంతులో ట్యూబ్ వేయాల్సి వస్తే మత్తు డాక్టర్‌కు ముందుగా చూపించాల్సింది అదే.