పెట్టింది ఒంటికి పట్టిందా?

ప్రశ్న: విటమిన్ మాత్రలు మేలు చేస్తాయని ఒక ఏడాది చదువుతాం, వాటివల్ల లాభం లేదని, ఒక్కోసారి కీడు కూడా ఉందని మరుసటి ఏడాది చదువుతాం. పళ్ళు, కూరగాయలు బాగా తినేవారికి జబ్బులు తక్కువని అందరూ ఒప్పుకుంటున్నప్పుడు, వాటిలోని సారాన్నే మాత్రగా ఇస్తే ఫలితం ఎందుకు మారాలి? పరిశోధకుల మాటను ఎంతవరకు నమ్మాలి?

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. ఒకప్పుడు పరిశోధకులు కూడా సరిగ్గా మీలాగే ఆలోచించారు. క్యారెట్ వంటి కూరగాయల్లో, పళ్ళలో ఉండి ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ అనే పదార్థం రక్తంలో ఎక్కువగా ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తున్నట్టు అనేక అధ్యయనాల్లో కనిపించడంతో, దాన్ని మాత్రగా ఇస్తే క్యాన్సర్‌ను ఆపవచ్చని ఆశపడ్డారు. ఆ ఆశలో నిజమెంతో తేల్చుకోవడానికి ఫిన్లాండ్‌లో 50 నుంచి 69 ఏళ్ళ మధ్య వయసున్న, పొగతాగే అలవాటున్న 29,133 మంది పురుషులను ఎంచుకున్నారు. వారిని చీటీలు తీసినట్టుగా నాలుగు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, మరొక జట్టుకు విటమిన్ ఇ, ఇంకొక జట్టుకు రెండూ, నాలుగో జట్టుకు మందేమీ లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో మింగేవారికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు.

ఐదు నుంచి ఎనిమిదేళ్ళ పాటు సాగిన ఆ పరీక్ష ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చింది. మొత్తం మరణాలు కూడా 8 శాతం ఎక్కువయ్యాయి. అమెరికాలో పొగతాగేవారికి, ఆ అలవాటు మానినవారికి, ఆస్‌బెస్టాస్ ధూళిలో పనిచేసినవారికి బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎ తో కలిపి ఇచ్చిన మరో పెద్ద పరీక్షలోనూ ఇలాంటి కీడే బయటపడడంతో, దాన్ని అనుకున్న గడువు కంటే 21 నెలల ముందే, 1996 జనవరిలో నిలిపివేశారు.

ఫిన్లాండ్ పరీక్షలో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే విషయం ఒకటుంది. మాత్రలు మొదలుపెట్టక ముందు ఆ పురుషులు ఏం తింటున్నారో అడిగి రాసుకున్నారు, రక్తం కూడా తీసి చూశారు. ఆహారం ద్వారా బీటా కెరోటిన్ ఎక్కువగా పొందుతున్నవారికి తర్వాతి ఏళ్ళలో క్యాన్సర్ తక్కువగానే వచ్చింది. అంటే పాత అధ్యయనాలు చూసింది అబద్ధం కాదు. అయితే అదే పదార్థాన్ని అదే మనుషులకు మాత్రగా ఇస్తే ఫలితం ఎదురు తిరిగింది. కూరగాయలు బాగా తినేవారు తిండిలోనే కాక ఇంకా ఎన్నో విషయాల్లో ఇతరులకంటే భిన్నంగా ఉంటారు, వారు తినే ఆహారంలో ఆ ఒక్క పదార్థమే కాక మరెన్నో ఉంటాయి, పైగా మాత్రలో ఇచ్చిన మోతాదు మామూలు భోజనంలో దొరికేదానికంటే చాలా ఎక్కువ. మాత్ర మింగినవారి రక్తంలో బీటా కెరోటిన్ పది రెట్లకు పైగా పెరిగింది. రక్తపరీక్ష కాగితాన్ని మాత్రమే చూసి ఊరుకుని ఉంటే, ఆ ప్రయోగం ఘనంగా నెగ్గిందనే రాసి ఉండేవారు. అందుకే ఏ పోషణ పరిశోధన గురించి చదివినా, రక్తంలో ఏం పెరిగిందన్నది కొలిచారా, మనిషికి చివరకు ఏమైందన్నది కొలిచారా అని మొదట వెతకమని నా విద్యార్థులకు చెబుతుంటాను.

ఇలా చెప్పానని మాత్రలన్నీ దండగ అనుకోవద్దు. నాడీనాళ లోపంతో, అంటే గర్భంలో మెదడు, వెన్నుపాము సరిగ్గా ఏర్పడని లోపంతో, బిడ్డను కన్న తల్లులకు తర్వాతి కాన్పులో అదే లోపం మళ్ళీ రాకుండా ఫోలిక్ యాసిడ్ కాపాడుతుందా అన్న ప్రశ్నతో ఏడు దేశాల్లోని 33 కేంద్రాల్లో జరిగిన పరీక్ష ఫలితం 1991లో వచ్చింది. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవారిలో ఆ లోపం 72 శాతం తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా ఉన్నందువల్ల ఆ పరీక్షనూ ముందే ఆపారు. ఎవరికి, ఏ దశలో, ఎంత మోతాదులో, ఏ ఫలితం కోసం ఇచ్చారన్నది వదిలేసి ‘విటమిన్లు మంచివా, చెడ్డవా’ అని అడిగితే జవాబు ఏటా మారుతున్నట్టే కనిపిస్తుంది.

ప్రశ్న: తల్లిపాల మేలును రుజువు చేయాలంటే కొందరు పసివాళ్ళకు పాలు ఇవ్వకుండా ఆపాలి కదా? అలాంటి పరీక్ష ఎవరైనా చేయగలరా?

జవాబు: చేయకూడదు, చేయలేదు కూడా. బెలారుస్‌లో 1990ల్లో ఈ చిక్కును దాటడానికి ఒక మంచి మార్గం కనుగొన్నారు. చీటీ తల్లులకు కాక ఆసుపత్రులకు వేశారు. 31 ప్రసూతి ఆసుపత్రుల్లో కొన్నింటి సిబ్బందికి, బాలింత పక్కన కూర్చుని బిడ్డను రొమ్ముకు పట్టించడం, తల్లికి ధైర్యం చెప్పి పాలు కొనసాగేలా చూడడం మీద ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. మిగిలినవి ఎప్పటిలాగే నడిచాయి. చేరిన 17,046 మంది తల్లులూ తమంతట తామే పాలివ్వడం మొదలుపెట్టినవారే కాబట్టి ఎవరినీ వద్దని ఆపలేదు, ఎవరినీ బలవంతపెట్టలేదు. మూడో నెల నాటికి కేవలం తల్లిపాల మీదే ఉన్న బిడ్డలు శిక్షణ పొందిన ఆసుపత్రుల వైపు 43.3 శాతం, రెండో వైపు 6.4 శాతం. మొదటి ఏడాదిలో ఒకసారైనా జీర్ణకోశ ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లలు ఇటు 9.1 శాతం ఉంటే అటు 13.2 శాతం ఉన్నారు.

శ్వాసకోశ జబ్బుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ పిల్లలు ఆరున్నరేళ్ళ వయసుకు వచ్చాక చూస్తే ఊబకాయంలోనూ తేడా లేదు. తల్లిపాలను ఎంతగానో సమర్థించే నేను ఈ మాట దాచను. అయితే ఇది పాలిచ్చిన తల్లులను ఇవ్వని తల్లులతో పోల్చిన లెక్క కాదని గుర్తుంచుకోవాలి. సాయం అందిన చోటా కొందరు మానేశారు, అందని చోటా కొందరు కొనసాగించారు. సాయం చేసినందువల్ల ఎంత మార్పు వచ్చిందన్నదే ఇక్కడ తేలింది. బిడ్డకు పాలు చాలడం లేదేమోనని కంగారుపడే తల్లికి ‘తల్లిపాలు శ్రేష్ఠం’ అన్న గోడ మీది నినాదం కంటే, పక్కన కూర్చుని బిడ్డ నోరు సరిగ్గా పట్టిందో లేదో చూసే మనిషి ఎక్కువ అవసరమని నేను నమ్ముతాను.

ప్రశ్న: పసిపిల్లలకు వేరుశెనగ ఆలస్యంగా పెడితే అలర్జీ రాదంటారు. నిజమేనా?

జవాబు: చాలాకాలం అలాగే చెప్పారు. 2015లో వెలువడిన లండన్ పరీక్ష దాన్ని తలకిందులు చేసింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న 4 నుంచి 11 నెలల పిల్లలను 640 మందిని తీసుకొని, సగం మందికి వేరుశెనగ క్రమం తప్పకుండా పెట్టించి, సగం మందికి పూర్తిగా మానిపించారు. మొదట చేసిన చర్మ పరీక్షలో వేరుశెనగకు స్పందన లేని పిల్లల్లో, ఐదేళ్ళు వచ్చేసరికి, మానినవారిలో 13.7 శాతం మందికి అలర్జీ ఉంటే తిన్నవారిలో 1.9 శాతం మందికే ఉంది. మీ బిడ్డకు ఇలాంటి లక్షణాలు ఉంటే మొదటిసారి వైద్యుని సలహాతోనే పెట్టండి. గింజలుగా ఎప్పుడూ పెట్టవద్దు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా నూరి పలుచగా కలిపి ఇవ్వాలి.

ప్రశ్న: మా నాన్నగారు న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నారు. రెండు ముద్దలు తిని పళ్ళెం తోసేస్తున్నారు. జబ్బులో ఆకలి ఉండదు, వదిలేయమని కొందరంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: వదిలేయవద్దు. స్విట్జర్లాండ్‌లోని ఎనిమిది ఆసుపత్రుల్లో, పోషణ లోపించే ప్రమాదమున్న రెండు వేలమందికి పైగా రోగుల మీద జరిగిన పరీక్ష 2019లో ప్రచురితమైంది. ఒక జట్టుకు మామూలు ఆసుపత్రి భోజనమే అందింది; రెండో జట్టులో ఒక్కొక్కరికీ ఎంత శక్తి, ఎంత ప్రోటీన్ కావాలో డైటీషియన్ లెక్కగట్టి, అది అందేలా చూశారు. నెల రోజుల్లో మొదటి జట్టులో పదిశాతం మంది చనిపోగా, రెండో జట్టులో ఏడు శాతం మంది చనిపోయారు. అది ఏ ఖరీదైన మందుతోనూ సాధించినది కాదు.

నేను చిన్న వయసులో ఒక వార్డులో పళ్ళేలు తూచే పని చేశాను. భోజనం వెళ్ళేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి తూచి, తేడాను రాసుకోవాలి. కిటికీ పక్క మంచంలోని ఒక పెద్దాయన పళ్ళెం మూడు రోజులు దాదాపు వెళ్ళినట్టే తిరిగొచ్చింది. ‘ఆకలి లేదు’ అని చీటీలో రాశాం. నాలుగో రోజు నేనే వెళ్ళి చూస్తే, సెలైన్ సూది ఉన్న చేతివైపు, ఆయనకు అందనంత దూరంలో బల్ల ఉంది, గిన్నె మూత ఒక్క చేత్తో తీయరానిది. బల్లను ఇటు జరిపి మూత తీసి ఇస్తే సగానికి పైగా తిన్నారు. మూడు రోజుల మా లెక్కలో ఆకలి లేకపోవడమని రాసింది అసలు ఆకలి సంగతే కాదు.

కాబట్టి భోజనం వచ్చే వేళకు మీరు పక్కన ఉండండి. కట్టుడు పళ్ళు పెట్టుకున్నారా, కూర్చోబెట్టారా, నోరు ఎండిపోయిందా, మింగేటప్పుడు దగ్గు వస్తోందా అన్నవి చూడండి. దగ్గు వస్తుంటే తినిపించడం ఆపి, నర్సుకు వెంటనే చెప్పండి. న్యుమోనియా రోగికి మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదకరం. ఒకేసారి నిండు పళ్ళెం కాక, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వండి. ఎన్ని రోజులుగా దాదాపు ఏమీ తినలేదో డాక్టర్ గారికి తప్పక చెప్పండి. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు. అందుకే వారు రక్తపరీక్ష చేయించి, మోతాదును మెల్లగా పెంచుతారు.